పంచిపెట్టే రేవు

గోదారమ్మా, నిన్ను నిండుగా చూడాలంటే రాజమండ్రే రావాలి.

త్ర్యంబకం కొండ మీద పుట్టినప్పుడు నువ్వు దోసిట్లో పట్టేంత నీరువి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలిసింది. ఆ తర్వాత ఇంద్రావతి. కూనవరం దగ్గర శబరి. ఒక్కొక్క చెల్లెలినీ వెంటబెట్టుకుని, దారిలోని అడవుల మట్టి ఒంటికి పూసుకుని, పాపికొండల ఇరుకులో ఊపిరి బిగబట్టి, చివరికి ఈ ఊరి ముందుకొచ్చి ఒళ్లు విరుచుకుంటావు. అవతల కొవ్వూరు ఒడ్డు కంటికి ఓ సన్నని పచ్చగీత. ఇక్కడ నీ పేరు అఖండ గోదావరి. ఆ పేరు పలికేటప్పుడు ఈ ఊరివాళ్ల గొంతు కూడా నిండుగా పలుకుతుంది.

ఇంకాస్త దిగువకు పోతే ధవళేశ్వరం. అక్కడి నుంచి నువ్వు ఒక్కతెవి కావు. గౌతమివి, వశిష్ఠవు, వైనతేయవు. సప్తర్షులు నిన్ను ఏడు పాయలు చేసి తలా ఒకటి తీసుకెళ్లారని పెద్దలు కథ చెబుతారు. ఎన్ని పాయలైతేనేం, విడిపోక ముందు నువ్వు నిండుగా కనిపించే ఆఖరి ఊరు ఇదే. దారిపొడుగునా కూడబెట్టిన మూట ఇక్కడ దించి, ముడి విప్పి, పంచడం మొదలుపెడతావు. ఏళ్ల తరబడి నీ పక్కన కూర్చుని ఈ ఊరికీ ఆ గుణమే అబ్బింది.

ముందు నీకు ఎదురెళ్లాలి. గండిపోచమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని లాంచీ ఎక్కితే, రెండు పక్కలా కొండలు మెల్లగా దగ్గరికి జరుగుతాయి. నెత్తి మీద తీసిన పాపిటలా నువ్వు కొండల నడుమ సాగుతావు కనుకనే అవి పాపికొండలయ్యాయంటారు. అక్కడ నీళ్లు చప్పుడు చెయ్యవు. కొండ నీడ నీళ్ల మీద పడి, నీళ్లు ముదురాకు రంగులోకి తిరుగుతాయి. లాంచీలో పాటలు పెట్టిన కుర్రాళ్లు కూడా అక్కడ తమకు తెలియకుండానే మాట తగ్గిస్తారు. పేరంటపల్లిలో దిగి, ముని కట్టుకున్న ఆశ్రమం నీడన కాసేపు కూర్చుంటే, ఇంత నీరు ఇంత ఇరుకులోంచి ఎలా వచ్చిందా అన్న ఆశ్చర్యం మనసులో ఉండిపోతుంది.

నిన్ను ప్రేమించినంత మాత్రాన భయం వదిలెయ్యకూడదని కూడా నువ్వే నేర్పావు. 2015 పుష్కరాల తొలిరోజు రేవులో తొక్కిసలాట జరిగి ఎందరో పోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి ఎన్నో ఇళ్లల్లో దీపాలు ఆరాయి. పోయినవాళ్ల పేర్లు ఈ ఊరు మర్చిపోలేదు. లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోవడం కూడా నీకు పెట్టే నమస్కారమే.

మళ్లీ ఊళ్లోకి. కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, మార్కండేయస్వామి గుడి. తెల్లవారుజామున మెట్ల మీద తడి పాదాల గుర్తులు. కార్తీకమాసంలో ఆడవాళ్లు అరటి డొప్పల్లో దీపాలు పెట్టి నీ మీద వదులుతారు. వదిలిన దీపం ఎవరిదో రెండు బారలు పోయేసరికి తెలియదు. ఏ దీపం ఏ ఇంటిదో చెప్పలేనట్టుగా అన్నీ కలిసి ఒకే వెలుగై దిగువకు పోతాయి. పొద్దుగూకాక నీకు హారతి ఇస్తారు. ఆ మంట నీళ్లల్లో పొడుగ్గా సాగి, అటు కొవ్వూరు దాకా పోతుందేమో అనిపిస్తుంది.

పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు ఏలిన ఊరు ఇది. ఆయన కొలువులో కూర్చుని నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు ముగించి, అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో నెల్లూరి తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు నడిపించాడు. ఆ తర్వాత ఎర్రన వచ్చి అరణ్యంలో మిగిలిపోయిన దారి పూర్తిచేశాడు. నన్నయ సగంలో ఆగాడని బెంగపడ్డవాళ్లు నిన్ను చూసి తేరుకోవచ్చు. నువ్వు కూడా ఇక్కడి దాకా ఒక్కటిగా వచ్చి, మిగతా దారి మూడు పాయలకు అప్పగించినదానివే. కవిత్రయం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ధవళేశ్వరం గుర్తుకొస్తుంది.

కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు అక్కడ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టాడు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లోనే మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు వెలివేసినంత పని చేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గరిట పట్టింది, బిందె ఎత్తుకుంది. గోదారి నుంచి తనే నీళ్లు మోసింది. అమ్మా, ఆ బిందెలోకి నువ్వెక్కావు. ఊరంతా కాదన్నప్పుడు కూడా నువ్వు ఆ ఇంటికి వెళ్లావు. నీ పుణ్యాల్లో అదే గొప్పదని నేను నమ్ముతాను. చివరికి ఆ దంపతులు తమ ఆస్తంతా 1906లో పెట్టిన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. ఈ ఊరి నీళ్లు తాగినవాళ్లు దాచుకోవడం ఎరగరు.

దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది. 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీలో ప్రిన్సిపాలుగా ఉన్న కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో ఉన్నదేమిటో కనిపెట్టి, బొంబాయి జె.జె. స్కూలుకు పంపాడు. రామారావు తిరిగి వచ్చి ఇక్కడ చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి తీసుకుపోయింది. 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ బొమ్మల్లోని ఆడవాళ్ల నడుం ఒంపుల్లో, కొంగు జారిన తీరులో, నీ నీళ్లు మలుపు తిరిగే నెమ్మది ఉంది. పోయినవాడు పోగా, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నడిపించాడు. ఇక్కడ ఒకరి చేతిలో పని ఆగితే, ఇంకొకరు అందుకుంటారు. గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు కూడా చేతులు మారుతూనే మన దాకా వచ్చాయి.

ఇక వంతెనలు. రైలు నీ మీదికి రాగానే బోగీలో మాటలు ఆగిపోతాయి. చేతులు చిల్లర వెతుక్కుంటాయి. నిద్రపోతున్న పిల్లల్ని లేపి, "అదిగో గోదారి, దణ్ణం పెట్టు" అంటారు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు దాని మీద రైలు రాదు. పక్కనే 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన మీద కింద రైళ్లు, పైన బస్సులు. ఇంకోటి 28 విల్లుల వంతెన, ఒక్కొక్క విల్లూ 97 మీటర్ల పైచిలుకు. సాయంత్రం రేవు మెట్ల మీద కూర్చుని చూస్తే, ఎర్రటి ఆకాశం మీద ఆ విల్లులన్నీ నల్లగా నిలబడతాయి. వాటి కింద పడవవాడు తెడ్డు వేసుకుంటూ పోతాడు. ఆ సమయానికి ఊళ్లో ఉండి ఇంట్లో కూర్చున్నవాడు ఏదో పోగొట్టుకున్నట్టే.

ధవళేశ్వరం ఆనకట్ట చూడందే నీ కథ అర్థం కాదు. 1832–33 నందన కరువులో నీ ఒడ్డునే జనం ఆకలికి మాడిపోయారు. నీరంతా కళ్లముందే సముద్రంలోకి పోయేది. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టి 1852కల్లా నీకు అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. లంకల్ని ఆనుకుని నాలుగు ముక్కలుగా, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఆ రోజు నుంచి నువ్వు కాలువలై పొలాల్లోకి నడిచి వెళ్లావు. డెల్టా పల్లెల్లో గుర్రం మీద కూర్చున్న దొర విగ్రహానికి రైతులు దండ వేస్తారు. ఆయన్ని అపర భగీరథుడంటారు. పరాయి దేశపు మనిషిని ఇంటి పెద్దగా తలుచుకోవడం నీ నీళ్లు నేర్పిన కృతజ్ఞత. ధవళేశ్వరంలో ఆయన పేరున మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్తే అక్కడ ఓ పూట గడపండి.

ఆ కాలువల్లో ఒకదాని పక్కన పోతుంటే కడియం, కడియపులంక. కిలోమీటర్ల కొద్దీ నర్సరీలు. గులాబీ అంట్లు, మామిడి అంట్లు, నందివర్ధనాలు, పేరు తెలియని పూలు వేల కుండీల్లో. నీ ఒండ్రు మట్టి ముద్ద వేళ్లకు అంటుకునే ఉండగా, లారీలెక్కి దేశమంతా పోతాయి. ఏ ఊరి పెరట్లోనో పూసిన పువ్వు అడుగున నీ మట్టి ఉంటుంది.

ఆకలేస్తే ఆత్రేయపురం ఎంతో దూరం కాదు. బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డ పరిచి లాగేస్తే, సన్నని తెల్లకాగితంలాంటి రేకు లేస్తుంది. నెయ్యి, పంచదార చల్లి మడిస్తే పూతరేకు. నోట్లో పెట్టుకున్నాక నమలడానికి ఏమీ మిగలదు. ఎండలో ఊరు తిరిగి వచ్చి, ఓ చల్లటి రోజ్ మిల్క్ తాగితే మళ్లీ నడవబుద్ధి వేస్తుంది.

అన్నీ నీ నుంచి సముద్రానికి పోతుంటే, సముద్రం నుంచి నీ దగ్గరికి వచ్చేది ఒక్కటుంది. ఎర్రనీరు వచ్చే వానకాలంలో ఇలస చేప ఉప్పునీళ్లు విడిచి, నీ ప్రవాహానికి ఎదురీది, నీ తీపి నీళ్లల్లో గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ ఎదురీతలో పేరు కూడా మారి పులస అవుతుంది. పుస్తెలమ్మయినా పులస తినాలని సామెత. ఆ రుచి అంతా ఎదురీదిన కష్టంలో ఉందంటారు. పని కోసం హైదరాబాదుకో అమెరికాకో వెళ్లి, సంక్రాంతికి టిక్కెట్టు దొరక్క నిలబడైనా వచ్చే ఈ ఊరి పిల్లలు కూడా పులసలే.

చదివేవాళ్లకు ఒక మాట. 2027లో మళ్లీ పుష్కరాలు. అప్పుడు రండి, కానీ అంతకుముందే ఏ పండగా లేని మామూలు రోజున కూడా ఒకసారి రండి. సాయంత్రం రేవు మెట్ల మీద ఊరికే కూర్చోండి. చిల్లర వెయ్యాలనిపిస్తే వెయ్యండి, ప్లాస్టిక్ మాత్రం వెయ్యకండి. వెళ్లేటప్పుడు కడియంలో ఓ మొక్క కొనుక్కుని, వేళ్లకున్న మట్టి రాలిపోకుండా తీసుకెళ్లి మీ వాకిట్లో నాటండి.