మస్టర్‌ను హాజరు అంటే సరిపోదు

భూపాలపల్లి సింగరేణి బొగ్గుబాయిల్లో 'మస్టర్ పడిందా' అని అడగని కార్మికుడు ఉండడు. మూలంలో అది పాత ఫ్రెంచి మాట. చూపించడం అనే అర్థమున్న క్రియ నుంచి ఇంగ్లీషులోకి వచ్చి, సైనికులను వరుసలో నిలిపి లెక్కచూసే పనికి పేరైంది. మన గనికి ఇంగ్లీషువాళ్ల చేతుల మీదుగా చేరింది. జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో చెరువు పూడిక తీసిన ఉపాధి కూలీలకూ అదే మాట. అనువాదకులు దాన్ని తేలిగ్గా 'హాజరు' అనేస్తారు. అది సగం అర్థమే. హాజరు అంటే మనిషి వచ్చాడని. మస్టర్ అంటే వచ్చిన రోజు ఖాతాలో జమపడిందని. వేతనంతో కూడిన సెలవు రావాలంటే ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు నిండాలని 1952 గనుల చట్టంలో షరతు ఉండేది. సింగరేణిలో బదిలీ వర్కర్ పర్మినెంట్ కావడానికీ ఈ మస్టర్లే ఆధారం. '190 హాజర్లు నిండాయి' అని ఎవరూ అనరు.

'బదిలీ' ఇంకా చిక్కు. జనగామలో టీచరుకు బదిలీ అంటే ఊరు మారడం. పారిశ్రామిక వివాదాల చట్టం మాత్రం 'బద్లీ' అనే హిందుస్తానీ మాటను ఇంగ్లీషు పాఠంలో అలాగే ఉంచి, మస్టర్ రోల్‌లో పేరున్న మరొకరి స్థానంలో పనిచేసేవాడని నిర్వచించింది. ఫ్రెంచి ఆఫీసు మాటలను అనువదించేవారికీ ఇదే తిప్పలు. అక్కడ 'కాడ్ర్' అంటే బాధ్యతగల పై స్థాయి ఉద్యోగి. దాన్ని కేడర్ అని దింపేస్తే మన పాఠకుడికి పార్టీ కార్యకర్తలు గుర్తొస్తారు. 'స్తాజ్' అంటే పని నేర్చుకునే శిక్షణ కాలం, స్టేజీ కాదు. నిఘంటువు ఇచ్చే అర్థంతో ఆగకుండా, ఆ మాటను పట్టుకుని ఏ హక్కు, ఏ జీతం వేలాడుతున్నాయో చూడాలి.

అలాగైతే అన్నీ ఇంగ్లీషులోనే ఉంచుదామా అని అడగవచ్చు. వారసత్వ ఉద్యోగానికి దరఖాస్తు రాసే ఇల్లాలికి ఆ ఇంగ్లీషు అర్థం కాదు కదా! ఆ అభ్యంతరం నిజమైనదే. అందుకే కార్మికుడి నోట ఉన్న మాటను తీసేయకుండా, పక్కనే తేట తెలుగులో వివరం రాయాలి. గని ఉద్యోగాల పేర్లలో 'మజ్దూర్' బదులు 'జనరల్ అసిస్టెంట్' అనడం గౌరవం కోసమన్న వాదననూ ఒప్పుకుంటాను. కానీ పాత ఒప్పందాల్లో మజ్దూరే ఉంది కాబట్టి రెండూ కనిపించాలి. జనం తామే పేరు పెట్టుకున్నచోట ఆ పేరే మేలు. 2005 ఉపాధి హామీ చట్టాన్ని వాళ్లు 'వంద రోజుల పని' అన్నారు, అంతకన్నా స్పష్టమైన అనువాదం ఏ కార్యాలయమూ చేయలేదు. నోటీసులు తెలుగు చేసేవారికి నా విన్నపం ఒక్కటే: బోర్డుకు అంటించే ముందు, షిఫ్టు దిగి వస్తున్న ఒక బదిలీ వర్కర్‌కు దాన్ని చదివి వినిపించండి.