సిడ్నీ ఒపేరా భవనము: అంతరంగ బహిరంగ విచారము

శబ్దములు యౌగికములు, రూఢములు, యోగరూఢములు అని శాస్త్రకారులు విభజించిరి. మండపశబ్దమునకు అవయవార్థము గంజి త్రాగువాఁడు. రూఢ్యర్థము స్తంభములతోఁ గూడిన గృహవిశేషము. మండపమును జూచి అందు గంజిని వెదకువాఁ డెవ్వఁడును లేఁడు. ఆస్ట్రేలియాఖండమున సిడ్నీనగరపు రేవులో, మూఁడువైపుల నీరుగల బెన్నెలాంగ్ అగ్రముపై నిలిచిన 'ఒపేరా హౌస్' పేరు ఈ మూఁటిలో నే జాతికిఁ జెందునను ప్రశ్నము కేవలము వ్యాకరణవినోదము గాదు. ఆ పేరులోని కళకు ఆ గృహమున నెట్టి తావు దొరకినదో తెలిసినఁగాని దానికి సమాధానము దొరకదు.

ఒపేరా యనఁగాఁ బాత్రల సంభాషణము గానరూపమున నడచు రూపకము. యక్షగానము నెఱిఁగినవారికి దీని స్వరూపము కొంతవఱకు సుబోధమే. భేద మేమనఁగా, ఒపేరాలో రంగమునకు ముందుగల పల్లమునఁ బెద్ద వాద్యబృందము కూర్చుండును. ఆ నాదమును దాఁటి గాయకుని కంఠము కడపటి వరుసకుఁ జేరవలెను. బాలే యనునది వాక్కు లేని నృత్యరూపకము. నర్తకులు వేగముతోఁ బ్రవేశించుటకును నిష్క్రమించుటకును రంగపార్శ్వములందు విశాలమైన చోటు కావలెను. కావున ఈ కళల గృహమునకు ముఖ్యాంగములు మూఁడు: శ్రవణసౌష్ఠవము, వాద్యస్థానము, రంగపార్శ్వము. పైకప్పు వీని తరువాతిది.

భరతముని నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయమున నీ క్రమమునే పాటించెను. వికృష్ట చతురశ్ర త్ర్యశ్రములను ఆకృతులను, జ్యేష్ఠ మధ్యమ కనిష్ఠములను ప్రమాణములను జెప్పి, మానవులకు 64 హస్తముల పొడవును 32 హస్తముల వెడల్పును గల గృహమును విధించెను. అది నేఁటి లెక్కకు సుమారు 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు. అంతకు మించినచో నుచ్చరించిన వాక్కు విస్వరమగుననియు, ముఖమునందలి భావము ప్రేక్షకునకు స్పష్టము గాదనియు హేతువును గూడఁ జెప్పెను. రంగమున కిరుప్రక్కల మత్తవారణులను, వెనుక నేపథ్యమును విధించెను. గృహము కొండగుహవలె నుండవలెననుట గూడ ధ్వని గంభీరముగా నిలుచుటకే. వినువాని చెవియు, చూచువాని కన్నును గోడల స్థానమును నిర్ణయించినవి.

సిడ్నీలో జరిగిన దిందుకు విపర్యయము. 1955లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వము ప్రకటించిన పోటీకి 233 ప్రణాళికలు వచ్చెను. 1957 జనవరిలో డెన్మార్కు దేశీయుఁడగు యోర్న్ ఉట్సన్ విజేతగాఁ బ్రకటింపఁబడెను. రెండుశాలలు కోరఁబడెను: 3000 మొదలు 3500 మందికిఁ జాలు పెద్దశాల వాద్యగోష్ఠికిని, మహా ఒపేరాకును, బాలేకును, 1200 మందికిఁ జాలు చిన్నశాల నాటకాదులకు. వాద్యగోష్ఠికి నాదము కొంతకాలము నిలుచుట గుణము; ఒపేరాలోఁ బదము తెలియవలెను గావున నదియే మితిమీఱిన దోషము. ఈ విరుద్ధధర్మములను రెంటి నొక్క శాల భరింపవలెనని కోరుట మొదటి పొరపాటు. ఉట్సన్ రెండుశాలలను ప్రక్కప్రక్కన నిలిపెను. దాన బయటి యాకృతికి శోభ కలిగెను. రంగపార్శ్వములకుఁ జోటు పోయెను. రంగోపకరణములు ప్రక్కనుండి గాక క్రిందినుండి యంత్రములతో నెత్తఁబడవలసివచ్చెను.

పైకప్పును గట్టు విధము తేలకమునుపే 1959లోఁ బని మొదలుపెట్టఁబడెను. తరువాత దాని బరువునకుఁ జాలవని కొన్ని స్తంభములను బడఁగొట్టి మరలఁ గట్టిరి. 1961లో గాని మార్గము దొరకలేదు. శంఖములవలెఁ దోఁచు ఆ కప్పుల నన్నిటిని సుమారు 75 మీటర్ల వ్యాసార్ధముగల యొకే గోళమునుండి ఖండించుటయే యా మార్గము. అర్ధమాత్రా లాఘవమునకే సంతసించు వైయాకరణులకు ఇంతకంటె సంతోషకరమైన దేమున్నది? ఒక్క సూత్రముచే ననేకరూపములు సిద్ధించెను. స్వీడనునఁ జేయఁబడి వానిపైఁ బొదుగఁబడిన పలకలు 10,56,006. ఉట్సన్ ప్రతిభను శంకించుట కిం దవకాశము లేదు.

అయినను అంతరంగకార్యము నెదుట బహిరంగము అసిద్ధమని పాణినీయుల పరిభాష. లోపలి కార్యము ముందు తేలవలెను. వెలుపలిది దాని ననుసరింపవలెను. ఇచ్చట వెలుపలిది సిద్ధమై, లోపలిది సాధ్యముగా మిగిలెను. వ్యయ విషయమునను, రూపకల్పన విషయమునను ప్రభుత్వముతో వివాదము ముదిరి 1966 ఫిబ్రవరిలో ఉట్సన్ పనిని విడిచిపోయెను. పూర్తియైన భవనమును ఆయన 2008లో మరణించువఱకుఁ జూడనే లేదు. ప్రసారసంస్థవారు తమ వాద్యబృందమునకుఁ బెద్దశాల ప్రత్యేకముగాఁ గావలెననిరి. 1967లో నట్లే నిర్ణయము జరిగెను. అప్పటి కమర్చిన రంగయంత్రములు తొలఁగింపఁబడెను. ఒపేరాయు బాలేయుఁ జిన్నశాలకుఁ బంపఁబడెను. 1973 సెప్టెంబరు 28న నచ్చటఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడినది ప్రోకోఫీయెవ్ రచించిన 'యుద్ధము, శాంతి'. విస్తృతమైన యా యితివృత్తము ఇఱుకైన వాద్యస్థానము గల శాలలోఁ బ్రవేశించెను. అక్టోబరు 20న రెండవ ఎలిజబెత్తు రాణి భవనమును బ్రారంభించెను. 70 లక్షల డాలర్లని తలఁచిన వ్యయము 10 కోట్ల 20 లక్షలయ్యెను.

ఇచ్చట నొక పూర్వపక్షము: ఉట్సను నుండనిచ్చియున్నచో నీ దోషములు గలుగకుండెడివనుట. ఇది కొంతవఱకే గ్రాహ్యము. శాలల మార్పు ఆయన పోయిన తరువాతిదే; కాని విరుద్ధధర్మముల కూర్పు పోటీ నిబంధనలలోనే యుండెను; పార్శ్వలోపము మొదటి ప్రణాళికలోనే యుండెను. దోషమును గర్త యొక్కనిపై మోపుటయు, ఆయన నుండి పూర్తిగాఁ దొలఁగించుటయు రెండును న్యాయములు గావు.

చిన్నశాల యగుటయే దోషమనుటయు సరిగాదు. సుమారు 1500 మందికిఁ జాలు ఆ శాలలో గాయకుని ముఖము కనఁబడును. భరతుని హేతువునకుఁ బెద్దశాలకంటె నదియే సమీపము. లోపించినవి విశాలమైన వాద్యస్థానము, రంగపార్శ్వములు. ఒపేరా ఆస్ట్రేలియా సంస్థ 2013లో వాగ్నరు 'రింగ్' చతుష్టయమును సిడ్నీలో గాక మెల్బోర్నునఁ బ్రదర్శించెను. పెద్దశాలయం దన్ననో కప్పు 25 మీటర్ల యెత్తుననుండుటచే వాద్యకారులు ఒకరినొకరు చక్కఁగా వినఁజాలకపోయిరి. మొదట వేలఁగట్టిన చక్రములు చాలక, 2020 మొదలు 2022 వఱకు శాలను మూసి సంస్కరించిరి. చిన్నశాలయు 2017లోఁ గొన్ని నెలలు మూయఁబడి సంస్కరింపఁబడెను. విస్వరదోషము భరతుని కాలముతోనే ముగియలేదు.

2003లో ఉట్సనునకుఁ బ్రిట్జ్‌కర్ బహుమానము లభించెను. 2007లో భవనము ప్రపంచవారసత్వస్థానములలోఁ జేర్పఁబడెను. ఈ కీర్తి యథార్థమే. రేవునకును నగరమునకును ఆ కట్టడ మలంకారమనుటలో వివాదము లేదు. అయినను అలంకారము శరీరమునకుఁ బ్రతినిధి గానేరదు. నాట్యగృహమును దూరమునుండి చూచి మెచ్చువారు పెక్కండ్రు. లోపలఁ గూర్చుండి వినువారు కొలఁది మందియే. అయినను గృహము కట్టఁబడినది ఆ కొలఁదిమంది కొఱకే. కొత్తగా రంగశాలలను గట్టఁబూనువారు ఏ కళ యచట నడచునో, ఎందఱు వినవలెనో, వాద్యకారు లెచటఁ గూర్చుందురో, నర్తకులు ఏ దారిని వత్తురో ముందు నిర్ణయించి, పైకప్పును గడపట నాలోచించుట యుక్తము.

కాఁగా, మొదటి ప్రశ్నమునకు సమాధానము: ఒపేరా యచట నేఁటికిని నడచుచునే యున్నది గావున ఆ పేరు శుద్ధరూఢము గాదు, ముఖ్యశాల ఒపేరాకు దక్కలేదు గావున శుద్ధయౌగికమును గాదు. మండపమున గంజిని వెదకువాఁడు లేఁడు. ఒపేరా భవనమున ఒపేరాను వెదకువాఁడు గలఁడు. వాని కియ్యవలసిన సమాధానము కప్పుమీఁది పలకలలో లేదు.