చవక రమ్ములో చేయి తిరిగిన పని

ఓల్డ్ మాంక్ గురించి చెప్పమంటే మనవాళ్లు హాస్టల్ గది గురించి చెబుతారు. నెలాఖరు చందాలు, కోలా సీసా, తెల్లవార్లూ కబుర్లు. ఇంతకీ ఆ రమ్ము రుచి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. చవక కాబట్టి తాగాం, కుర్రతనం కాబట్టి నచ్చింది అని తేల్చేసి, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే సింగిల్ మాల్ట్‌కి మారిపోతారు. ఆ తీర్పు సరికాదని నా గట్టి నమ్మకం. ఈ సీసాలో నికార్సయిన పనితనం ఉంది. ధర తక్కువ కావడంతో దాన్ని నిదానంగా చూసినవాళ్లు తక్కువ.

ఒకసారి కోలా, ఐసు రెండూ పక్కన పెట్టండి. చిన్న గాజుగ్లాసులో కొంచెం పోసి కాసేపు వదిలేయండి. వెలుతురుకెత్తి చూస్తే మధ్యలో డికాక్షన్ నలుపు, అంచున రాగి ఎరుపు. ఆ రంగంతా పీపా ఇచ్చిందని అనుకోనక్కర్లేదు. ముదురు రమ్ముల్లో మాడ్చిన చక్కెర రంగు కలపడం ప్రపంచమంతటా ఉన్నదే. అసలు సంగతి వాసనలో ఉంది. మొదట వెనిలా వస్తుంది, దాని వెనకే ముదురు బెల్లప్పాకం. ఇంకాస్త ఆగితే ఎండుఖర్జూరం, అడుగున తడిచెక్క. ఒక గుక్క వేస్తే నాలుక చివర చురుక్కుమంటుంది. అప్పుడు చెంచాడు నీళ్లు కలపండి. ఆ చురుకు తగ్గి, తీపి వెనక దాక్కున్న ఓక్ చెక్క వగరు బయటికి వస్తుంది. ఆ వగరు లేకపోతే ఇది వట్టి పానకం అయిపోయేది. తీపికి అది కళ్లెం వేస్తుంది, అది కూడా సరిగ్గా కావలసినంతే.

దీని ముడిసరుకు మొలాసిస్. చక్కెర తీయగా మిగిలిన నల్లటి మడ్డి. క్రషింగ్ రోజుల్లో ఉయ్యూరు, తణుకు, చోడవరం మీదుగా బస్సులో వెళ్లినవాళ్లకు దాని వాసన పరిచయమే. దీన్ని చేసే మోహన్ మీకిన్ కంపెనీ ఉన్న ఘజియాబాద్ పశ్చిమ ఉత్తరప్రదేశ్ చెరకు సీమలోదే. మడ్డిలో నీళ్లు, ఈస్టు కలిపి పులియబెట్టి, బట్టీ దించి, చెక్కలో నిలవ చేస్తారు. ఇంతవరకూ చాలా రమ్ములకు ఇదే కథ.

కంపెనీ మూలం హిమాచల్ కొండల్లో, కసౌలీలో ఎడ్వర్డ్ డయ్యర్ పెట్టిన బ్రూవరీ. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్‌కి ఈయన తండ్రి. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో నరేంద్రనాథ్ మోహన్ దాన్ని కొన్నారు. ఆయన కొడుకు వేద్ రతన్ మోహన్ బెనెడిక్టైన్ సన్యాసుల జీవితం మీద మోజుతో ఈ రమ్ముకి ఓల్డ్ మాంక్ అనే పేరు పెట్టారంటారు. 1954 డిసెంబరులో అది బజారుకొచ్చింది. ఆయన తర్వాత కంపెనీని చాలా ఏళ్లు నడిపించి 2018లో కన్నుమూసిన తమ్ముడు కపిల్ మోహన్ మందు ముట్టని మనిషి. ప్రకటనలకూ ఆయన దూరం. తక్కిన కంపెనీలు సోడా పేరుతో, క్యాసెట్ల పేరుతో బ్రాండును టీవీలకెక్కిస్తున్నప్పుడు కూడా ఈయన సీసానే నమ్ముకున్నారు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో రమ్ము అనగానే గుర్తొచ్చేది సెలవు మీద వచ్చిన జవాను, అతని ట్రంకుపెట్టెలోని క్యాంటీన్ సీసా. అంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటుంది. పాత బ్రిటిష్ కొలతలో వంద ప్రూఫ్ అంటే 57 శాతానికి కాస్త పైన. అందులో ముప్పావు వంతు ఇది. మన దేశంలో చాలా సీసాల మీద ఈ అంకె కనిపిస్తుంది. బయటి దేశాల మామూలు రమ్ములు 37.5, 40 దగ్గర ఆగిపోతాయి. ఆ మూడు నుంచి ఐదు శాతాల తేడా నోట్లో తెలుస్తుంది, నీళ్లు కలిపాక కూడా రమ్ము పలచబడదు.

ఇక నన్ను కట్టిపడేసే విషయం వ్యాటింగ్. వేర్వేరు నిలవల స్పిరిట్లను పెద్ద తొట్లలో కలిపి ఒక్క రుచికి తీసుకురావడం. ఇది చెప్పినంత తేలిక కాదు. మడ్డి ఏ రెండు సీజన్లలోనూ ఒకలా ఉండదు. వాన ఎక్కువైతే ఒక తీరు, మిల్లు మారితే ఇంకో తీరు. మైదానాల ఎండ పీపాను వేధిస్తుంది. స్కాట్లండ్‌లో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతే, మన వేడికి అంతకు ఎన్నో రెట్లు గాలిలో కలిసిపోతుంది. మిగిలింది చెక్క గుణాన్ని తొందరగా లాగేసుకుంటుంది. కాస్త ఏమరితే వగరెక్కి పాడవుతుంది. ఇన్ని మారుతున్నా సీసా మూత తీయగానే అదే వెనిలా, అదే పాకం. ఏటా కాయ మారినా చెయ్యి మారని ఇంట్లో ఆవకాయ అదే రుచి ఇచ్చినట్టు. వంద సీసాల అరుదైన రమ్ము చేసేవాడికి ఒక పీపా బాగా కుదిరితే చాలు. లక్షల సీసాలు నింపేవాడికి ప్రతి తొట్టీ కుదరాలి, అదీ ఈ ధరలో. చేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు, కానీ వాళ్ల ముక్కుకీ నాలుకకీ నేను దండం పెడతాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దేశపు చవక విస్కీల్లో చాలావాటికి ఆధారం ఈ మొలాసిస్ స్పిరిట్టే. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. రమ్ము తాగేవాణ్ని చూసి చిన్నచూపుతో విస్కీ గ్లాసు ఎత్తేవాడు తాగేదీ చాలాసార్లు చెరకు సరుకే. రమ్ము తన పుట్టుకను దాచుకోలేదు. ఆ నిజాయితీ నాకు ఇష్టం.

లోపాలు లేవని అనను. మింగాక రుచి ఎక్కువసేపు నిలవదు. తీపి ఒక పాలు ఎక్కువే, రెండో పెగ్గుకి నాలుకను కప్పేస్తుంది. జమైకా రమ్ముల్లో మిగలముగ్గిన అరటిపండు ఘాటు ఉంటుంది, దాన్ని ఇందులో వెతకొద్దు. అక్కడ రోజుల తరబడి పులియబెట్టి రాగిబట్టీల్లో దించే సంప్రదాయం ఉంది, ఆ దారి వేరు. కోలాలో ముంచితే మాత్రం దీని ఓక్ వగరు పూర్తిగా పోతుంది, మిగిలేది కోలా తీపే. నేను దీన్ని భోజనానికి ముందు పోసుకోను. తిన్నాక కొంచెం, చెంచాడు నీళ్లతో, పక్కన ఒక పల్లీపట్టీ ముక్క. అలా తాగినప్పుడు, దీనికి నాలుగైదు రెట్ల ధర పెట్టి కొన్న విదేశీ రమ్ములు కొన్ని దీని ముందు పలచగా తేలిపోయాయి.