నీరు అక్కరలేని ఇంజను పొలమునకు తగునా?

ట్రాక్టరు ఇంజనులో డీజిలు మండగా పుట్టిన వేడిమిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారును. కొంత పొగతో వెలికి పోవును. తక్కినదానిలో సిలిండరు గోడలకు చేరిన వేడిమిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో పిస్టను బిగుసుకొనిపోవును. తొలగించుటకు మార్గములు రెండు: నీరు, గాలి.

జర్మనీలో డాయిట్జ్, ఐషర్ సంస్థలు గాలితో చల్లబడు ట్రాక్టరులకు పేరు పొందినవి. మన దేశమున 1959లో ఫరీదాబాదులో తయారైన ఐషర్ ట్రాక్టరు కూడ ఈ తరగతిదే. నీరు పోయనక్కరలేదు, రేడియేటరు కారదు, లోపల ఉప్పు పేరుకొనదు అని వీనిని మెచ్చుకొందురు. ఈ మాటలు నిజమే. సిలిండరు వెలుపలి రెక్కలు మరుగు నీటికంటె మిక్కిలి వేడిగా నుండును గనుక మన ఎండలు కూడ వీనిని అంతగా బాధింపవు. కాని నీరు అక్కరలేదనుట వేరు, సంరక్షణ అక్కరలేదనుట వేరు.

సమాన పరిమాణములు తీసికొన్నచో, ఒక డిగ్రీ వేడెక్కుటకు నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిమిని గ్రహించును. ఈ కొరత తీర్చుటకే సిలిండరు చుట్టును పలుచని రెక్కలు అమర్చి, వాటి సందులలోనికి పెద్ద పంకాతో గాలిని తోలుదురు. పంకా త్రిప్పుటకు ఇంజను శక్తిలోనే కొంత ఖర్చగును. నీటి తొడుగు లేనందున చప్పుడును అణగదు.

అసలు చిక్కు నూర్పిడి కళ్లములో వచ్చును. ట్రాక్టరు ఒకేచోట నిలిచి గంటల తరబడి నూర్పిడి యంత్రమును త్రిప్పును. చుట్టును దుమ్ము, పొట్టు. పంకా ఆ గాలినే పీల్చును. రెక్కలపై నూనె చెమ్మ ఉన్నచో పొట్టు దానికి అంటి పెచ్చు కట్టును. ఆ పెచ్చు వేడిమిని వెలికి పోనీయదు. రేడియేటరుకును పొట్టు పట్టును గాని అది కంటికెదురుగా నుండును. రెక్కలు రేకు తొడుగు వెనుక దాగియుండును. నీరు మరిగినచో ఆవిరి చిమ్మి రైతును హెచ్చరించును. గాలి అట్లు హెచ్చరింపదు. పంకా బెల్టు తెగి, హెచ్చరిక దీపము వెలుగకున్నచో, కొద్ది నిమిషములలోనే ఇంజను పాడగును. నూర్పిడి నడుమ అట్లయినచో మరమ్మతు ఖర్చుతో పోదు, కళ్లములోని పంట వానపాలు కావచ్చును.

మరియొక లోపము కలదు. గాలి నేరుగా తగులు ప్రక్క చల్లగాను, వెనుక ప్రక్క వేడిగాను ఉండును. అందుచే పిస్టనుకు, సిలిండరుకు నడుమ ఎడము ఎక్కువ ఉంచవలసివచ్చును. కందెన నూనె ఎక్కువ కాలును. పొగపై నిబంధనలు కఠినమగుకొలది ఇది పెద్ద అడ్డంకియైనది. 1990 దశకమున డాయిట్జ్ సంస్థయే నీటితో చల్లబడు ఇంజనులవైపు మరలినది.

మందు చల్లు యంత్రముల వంటి చిన్నవానికి గాలియే చాలును. పెద్ద బరువు లాగు ట్రాక్టరు కొనువారు మాత్రము "నీరు పోయవలెనా?" అని అడిగి ఊరకుండరాదు. "రేకు విప్పి రెక్కలను ప్రతిదినము తుడుచుట సులభమేనా?" అనియు అడుగవలెను.