కొలబద్దకు అందని మూడేళ్ళు

ఫ్లోరిడా రాష్ట్రంలోని అలాచువాలో కిండర్‌గార్టెన్ నుంచి రెండో తరగతి దాకా మాత్రమే ఉన్న ఒక బడిలో, ఒకటో తరగతి చెప్పే టీచరును 2012లో తోటి ఉపాధ్యాయులు ఆ ఏటి ఉత్తమ ఉపాధ్యాయినిగా ఎన్నుకున్నారు. ఆ రోజుల్లోనే రాష్ట్ర నిబంధనల ప్రకారం జరిగిన మూల్యాంకనంలో ఆమెకు ‘అసంతృప్తికరం’ అన్న ముద్ర పడింది. ఆ మూల్యాంకనంలో 40 శాతం పిల్లల పరీక్షా ఫలితాల మీద ఆధారపడింది. ఆ పిల్లలు ఆమె పిల్లలు కారు. వేరే బడిలో పై తరగతులు చదువుతున్నవాళ్ళు. ఆమె వాళ్ళకు ఎన్నడూ పాఠం చెప్పలేదు. మరికొందరు టీచర్లతో కలిసి ఆమె ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. ఈ పద్ధతి అన్యాయంగానే ఉందనీ, అయినా రాజ్యాంగ విరుద్ధమని చెప్పలేమనీ న్యాయమూర్తి 2014లో తేల్చాడు. 2015లో పై కోర్టు కూడా ఆ తీర్పును సమర్థించింది. ఈలోగా 2013లోనే శాసనసభ చట్టాన్ని సవరించుకుంది.

ఈ ఉదంతాన్ని గుమాస్తాల తెలివితక్కువతనం కింద జమకట్టి నవ్వుకోవడం తేలికే. కానీ అక్కడ ఎవరూ లెక్క తప్పలేదు. లెక్క ఎలా వేయాలని రాశారో అలాగే వేశారు. 2002లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ విద్యాచట్టం మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా చదవడంలోనూ గణితంలోనూ పరీక్షలు పెట్టమంది. పిల్లవాడి ‘ఎదుగుదల’ కొలవాలంటే కనీసం రెండేళ్ళ మార్కులు ఉండాలి. అంటే ఆ కొలత మొదలయ్యేది నాలుగో తరగతిలో. అక్షరానికీ ధ్వనికీ ముడి వేయడం, ధ్వనులను కలిపి మాట చేయడం, ఆ మాటలను తడుముకోకుండా చదివించడం కిండర్‌గార్టెన్, ఒకటి, రెండు తరగతుల పని. ఒక మనిషికి చదువు వచ్చిందా లేదా అన్నది చాలావరకు తేలిపోయేది ఆ మూడేళ్ళలోనే. సరిగ్గా ఆ మూడేళ్ళూ కొలబద్దకు అందవు. చట్టమేమో ప్రతి టీచరుకూ మార్కు వేసి తీరాలంటుంది. అప్పుడిక అరువు మార్కులు తేవలసిందే. టెనెసీలోనూ సొంత పరీక్షాఫలితాలు లేని టీచర్లకు బడి మొత్తానికి వచ్చిన మార్కులను పంచిపెట్టారు.

ఈ కొలత పుట్టిందీ టెనెసీలోనే. విలియం శాండర్స్ అక్కడి విశ్వవిద్యాలయంలో వ్యవసాయ పరిశోధనలకు లెక్కలు కట్టే గణాంక శాస్త్రవేత్త. పశుసంతతిని మెరుగుపరచడానికి వాడే గణాంక నమూనాలకు దగ్గరి పద్ధతులతోనే, ఒక్కొక్క టీచరు వల్ల పిల్లల మార్కుల్లో ఎంత ‘విలువ’ చేరిందో తేల్చవచ్చని ఆయన ప్రతిపాదించాడు. 1992లో రాష్ట్రం దాన్ని చట్టంలో చేర్చింది. 2009లో ఒబామా ప్రభుత్వం 435 కోట్ల డాలర్లతో ‘రేస్ టు ద టాప్’ పోటీ పెట్టి, టీచర్ల మూల్యాంకనాన్ని పిల్లల ఎదుగుదలతో ముడిపెట్టే రాష్ట్రాలకు మొగ్గు చూపింది. ఆర్థికమాంద్యంతో ఖజానాలు ఖాళీగా ఉన్న రోజులవి. రాష్ట్రాలు ఎగబడ్డాయి. మొదటి విడతలో గెలిచిన రెండు రాష్ట్రాల్లో టెనెసీ ఒకటి.

తర్వాతి కథ సంక్షిప్తంగానే చెప్పవచ్చు. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వాటా 1 నుంచి 14 శాతం వరకే ఉంటుందని చాలా అధ్యయనాలు చెబుతున్నట్టు 2014లో అమెరికన్ గణాంక శాస్త్ర సంఘం ప్రకటించింది. హ్యూస్టన్‌లో టీచర్ల ఉద్యోగాలకు ముప్పు తెచ్చిన సూత్రం ఒక ప్రైవేటు సంస్థ వ్యాపార రహస్యం. తనకు వచ్చిన మార్కు సరైనదో కాదో సరిచూసుకునే దారి టీచరుకు లేదు. ఆ అంశం మీద వాళ్ళు న్యాయపోరాటం కొనసాగించవచ్చని 2017లో ఫెడరల్ కోర్టు అంది. గేట్స్ ఫౌండేషన్ చొరవతో కొన్ని ఊళ్ళలో సాగిన మూల్యాంకన ప్రయోగానికి దాదాపు 57 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. పిల్లల చదువులో ఆశించిన మెరుగుదల రాలేదని 2018లో ర్యాండ్ నివేదిక తేల్చింది.

ఇదంతా ఈ శతాబ్దపు వింత అనుకోనక్కరలేదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో తెచ్చిన నియమావళి ప్రకారం, ఇన్స్పెక్టరు ఎదుట పిల్లవాడు చదవడంలో తప్పితే బడికి వచ్చే గ్రాంటులో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోతపడేది. రాతలో తప్పితే మరో కోత, లెక్కల్లో తప్పితే ఇంకో కోత. మద్రాసు ప్రెసిడెన్సీకీ ఈ ఫలితాల గ్రాంటు వచ్చింది. మన పల్లెల్లోని బడిపంతుళ్ళ బతుకులు కూడా ఇన్స్పెక్టరు రాక మీద ఆధారపడ్డాయి. పాఠశాలల ఇన్స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీని పర్యవసానాన్ని మొదట్లోనే పసిగట్టాడు. పరీక్షకు పెట్టే పుస్తకం ముందే తెలుసు గనక పిల్లలు దాన్ని కంఠస్థం చేసేస్తారు. చదివినట్టే వినిపిస్తుంది. మరో పుస్తకం చేతికిస్తే నోరు పెగలదు. ఇంగ్లండు మూడు దశాబ్దాలకు పైగా దీన్ని భరించి, చివరికి వదిలించుకుంది.

మూల్యాంకనం మీద ఇంత శ్రద్ధ చూపిన సంస్కర్తలు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉండిపోయింది. చదవడం ఎలా నేర్పాలో ఈ టీచర్లకు ఎవరైనా నేర్పారా? అమెరికా ఉపాధ్యాయ శిక్షణా కళాశాలల్లో చాలాచోట్ల నేర్పలేదు. చదవడమంటే ఒక రకమైన ఊహ అని కెన్ గుడ్‌మన్ 1967లో చేసిన ప్రతిపాదన అక్కడ దశాబ్దాల పాటు రాజ్యమేలింది. తెలియని మాట ఎదురైతే బొమ్మ చూడు, సందర్భం చూడు, మొదటి అక్షరం చూసి ఊహించు అని పిల్లలకు చెప్పారు. గుర్రం బొమ్మ కింద ‘హార్స్’ అని రాసి ఉంటే పిల్ల ‘పోనీ’ అని చదివినా అర్థం చెడలేదు గనక ఫరవాలేదట. పిల్ల పోనీ అంటే టీచరు కూడా పోనీలే అనుకోవాలన్నమాట. ధ్వనుల గుర్తింపునూ అక్షర-ధ్వని సంబంధాన్నీ క్రమపద్ధతిలో నేర్పితే ఫలితం ఉంటుందని జాతీయ పఠన సమితి 2000లోనే నివేదిక ఇచ్చినా, ఊహించే పద్ధతి తరగతి గదుల్లోంచి కదలలేదు. ‘క’ అన్న అక్షరం పేరే దాని ధ్వని అయిన భాషలో గుణింతాలూ వత్తులూ దిద్దుకుంటూ చదువు మొదలుపెట్టిన మనకు ఈ వివాదమే వింతగా తోస్తుంది. ఇంగ్లీషు లిపిలో పిల్లవాడికి ఆ సౌలభ్యం లేదు. అతడికి ఎవరో ఒకరు పూనుకుని విప్పి చెప్పాలి.

మిసిసిపీ ఆ పని చేసింది. 2013లో అక్కడ పఠన చట్టం వచ్చేనాటికి, జాతీయ పరీక్షలో నాలుగో తరగతి సగటు 209. రాష్ట్రాల వరుసలో దాదాపు అట్టడుగున. 2019 నాటికి అది 219కి పెరిగి జాతీయ సగటును అందుకుంది. 2024లో దేశం 214కి జారిపోయినా మిసిసిపీ 219 దగ్గరే నిలిచింది. ఏటా కేటాయించింది సుమారు కోటిన్నర డాలర్లు. రాష్ట్రం మొదటి తరగతుల టీచర్లకు పఠనశాస్త్రంలో సుదీర్ఘమైన శిక్షణ ఇచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచే పిల్లలను ఏడాదికి మూడుసార్లు పరీక్షించి వెనుకబడుతున్నవాళ్ళను గుర్తించింది. కొత్తగా ప్రాథమిక టీచర్లు కాబోయేవాళ్ళకు పఠన బోధన మీద పరీక్ష పెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, బాగా వెనుకబడ్డ బడులకు పఠన కోచ్‌లను పంపింది. వీళ్ళు తరగతిలో టీచరు పక్కన కూర్చుని, పాఠం చెప్పి చూపించి, మళ్ళీ చెప్పించేవారు. టీచరుకు మార్కు వేయడం వాళ్ళ పని కాదు. తనకు రాని విషయాన్ని టీచరు వాళ్ళ ముందు నిర్భయంగా ఒప్పుకోగలిగింది. మూల్యాంకనం చేయడానికి వచ్చినవాడి ముందు ఎవరు ఒప్పుకుంటారు?

అయితే ఈ చట్టంలో ఒక గేటు కూడా ఉంది. మూడో తరగతి చివర పఠన పరీక్ష గట్టెక్కనివాళ్ళను అదే తరగతిలో ఉంచేస్తారు. ఫ్లోరిడా 2002లో పెట్టిన నియమం నుంచి తెచ్చుకున్నదిది. ఉత్తీర్ణతా ప్రమాణం పెంచిన 2018–19లో పదిమందిలో దాదాపు ఒకరు ఆగిపోయారు. బలహీనమైన పిల్లలను ఆపేస్తే నాలుగో తరగతి సగటు దానంతటదే పెరగదా అన్న విమర్శలో కొంత పస ఉంది. కానీ పదేళ్ళపాటు సాగిన పెరుగుదలను అదొక్కటే వివరించలేదు. ఆగిన పిల్లలు మరుసటి ఏడు నాలుగో తరగతికి వచ్చి అదే పరీక్షకు కూర్చుంటారు. గేటు ఎవరి మీద పడుతుందన్నది నన్ను ఎక్కువగా వేధించే ప్రశ్న. మిషిగన్ 2016లో ఇలాంటి చట్టమే చేసి మినహాయింపులు ఇచ్చింది. ఒకే రకం మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో పేద పిల్లలే ఎక్కువగా ఆగిపోయారు. మినహాయింపు అడగడం తెలిసిన తల్లిదండ్రులు తమ పిల్లలను దాటించుకున్నారు. 2023లో ఆ రాష్ట్రం గేటును ఎత్తేసింది.

ఇక్కడి తెలుగువాళ్ళం ఆ అడగడం తెలిసినవాళ్ళ కోవలోనే ఉంటాం. బడుల రేటింగులు చూసి ఇల్లు కొనుక్కుంటాం. ఆ రేటింగు కింద ఉన్న మార్కుల్లో బడి నేర్పింది ఎంతో, ఇంట్లో అమ్మ నేర్పింది ఎంతో ఎవరూ విడదీసి చూపరు. కిండర్‌గార్టెన్‌లో చేరకముందే చదవడం వచ్చేసిన పిల్లలతో నిండిన తరగతి ఏ టీచరుకైనా మంచి పేరే తెస్తుంది. ఆ పిల్లలకు గేటు ఉన్న సంగతే తెలియదు.

2015 చివర్లో వచ్చిన కొత్త ఫెడరల్ చట్టం టీచర్ల మూల్యాంకనాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. చాలా రాష్ట్రాలు ఆ లెక్కలను సడలించుకున్నాయి. ఇప్పుడు అందరూ మిసిసిపీ పేరు జపిస్తూ పఠన చట్టాలు చేస్తున్నారు. గేటు నకలు చేయడానికి చట్టంలో ఒక పేరా చాలు. కోచ్‌కు మాత్రం ఏటా జీతం ఇవ్వాలి. చాలా జిల్లాలు ఆ జీతాలనూ ట్యూటర్ల ఖర్చునూ కోవిడ్ సహాయనిధితో నెట్టుకొచ్చాయి. ఆ నిధులను కేటాయించుకునే గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. మిసిసిపీలోనూ నాలుగో తరగతిలో కనిపించిన వెలుగు ఎనిమిదో తరగతి దాకా పాకలేదు. అక్కడి సగటు ఇంకా దేశం కంటే కిందే ఉంది. ఆ పై తరగతుల పిల్లలకు కోచ్‌లను పంపడానికి డబ్బెవరిస్తారన్నది ఇంకా తేలలేదు.