పది శాతం పిల్లలు ఎవరి పిల్లలు?

బ్రిటన్‌లో బీబీసీ వన్ టీవీ 2009 జూలై 6 నుంచి 10 వరకు వరుసగా ఐదు రాత్రులు ఒక కథ చూపించింది. పేరు ‘టార్చ్‌వుడ్: చిల్డ్రన్ ఆఫ్ ఎర్త్’. ‘డాక్టర్ హూ’ అనే పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ నుంచి పుట్టిన పిల్ల సీరియల్ ఇది. మాలో కొందరం తాడేపల్లిగూడెంలో ఒకే గదిలో అద్దెకుండి చదువుకున్న రోజుల్లో, ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒకరికొకరం చెప్పుకుంటూ చూశాం. గ్రహాంతరవాసుల కథ చూద్దామని కూర్చున్నవాళ్లం నాలుగో భాగం మధ్యలో ఆపేసి మన బళ్ల గురించి గొడవపడ్డాం. ఆ గొడవే ఈ వ్యాసం.

కథ ఇది. ఒక రోజు లోకంలోని పిల్లలందరూ ఒక్కసారిగా నడక ఆపి నిలబడిపోతారు. అందరి నోటా ఒకటే మాట, మేము వస్తున్నాం అని. 456 అని పిలిచే గ్రహాంతర జీవులు ఆ పిల్లల నోటితో మాట్లాడుతున్నాయి. లండన్‌లో దిగాక వాటి కోరిక బయటపడుతుంది. ప్రపంచంలోని పిల్లల్లో పది శాతం మందిని ఇచ్చేయాలి, లేకపోతే మనుషులందర్నీ చంపేస్తాం. పిల్లలు ఎందుకంటే, వాళ్ల ఒంట్లో తయారయ్యే రసాయనాలు ఆ జీవులకు మత్తు. తాగుడు కోసం పిల్లల్ని అడుగుతున్నాయన్నమాట.

ఇంతకు ముందు కూడా ఒకసారి ఇచ్చారు. 1965లో ఒక ప్రాణాంతక ఫ్లూ మందుకు బదులుగా స్కాట్లాండులో పన్నెండు మంది పిల్లల్ని రాత్రిపూట తీసుకెళ్లి అప్పగించారు. అనాథాశ్రమం పిల్లలు, అడిగేవాళ్లు లేని పిల్లలు. అప్పగించిన వాళ్లలో కథానాయకుడు కెప్టెన్ జాక్ కూడా ఒకడు.

మమ్మల్ని ఆపేసింది మంత్రుల సమావేశం. బ్రిటన్ వాటాకు 3,25,000 మంది పిల్లలు రావాలి. పిల్లలు అనడానికి నోరు రాక ‘యూనిట్లు’ అంటారు. లాటరీ తీద్దామా అన్న మాట వస్తుంది. తమ పిల్లలకూ మనవలకూ ముందే మినహాయింపు రాసుకుంటారు. అప్పుడు ఒక మంత్రిణి చాలా నెమ్మదిగా, మర్యాదగా దారి చూపిస్తుంది. దేశంలో బడుల ర్యాంకుల పట్టిక ఉంది కదా, అడుగున ఉన్న బడుల పిల్లల్ని ఇద్దాం అని. డాక్టర్లూ ఇంజినీర్లూ అయ్యేవాళ్లను ఎలా వదులుకుంటాం, జైళ్లకూ ఉచిత సాయానికీ పోయేవాళ్లనైతే పరవాలేదు అన్నది ఆమె లెక్క. ఎవరూ బల్ల గుద్దరు. ఎవరూ లేచి వెళ్లిపోరు. మేము చూసిన భయానక దృశ్యాల్లో ఇంతకంటే భయపెట్టింది లేదు, ఇందులో రాక్షసులెవరూ కనిపించకపోయినా.

ఈ పుస్తకం చదివే టీచర్లకు ఆ పట్టిక కొత్త కాదు. పదో తరగతి ఫలితాలు రాగానే ఏ బడి పైన, ఏ బడి అడుగున అని లెక్క తీస్తారు. ఏజెన్సీ బడి అడుగున ఉంటే కారణం పిల్లల్లోనే వెతుకుతారు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగునే పరాయి భాషగా నేర్చుకుంటుందన్న సంగతి ఆ పట్టికలో ఏ గడిలోనూ పట్టదు. పట్టిక తయారుచేసిన వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. బళ్లను బాగుచేయడానికే తయారుచేసి ఉండొచ్చు. కానీ ఒకసారి తయారయ్యాక అది బీరువాలో ఉంటుంది. అవసరం వచ్చిన రోజు ఎవరో ఒకరు తీస్తారు. ఈ సీరియల్ చెప్పిన గట్టి మాట ఇదేనని మా అభిప్రాయం.

పైగా పిల్లల్ని పోగుచేసేది బడిలోనే. టీకాలు వేయిస్తామని తల్లిదండ్రులకు అబద్ధం చెప్పి, బడుల దగ్గరికి బస్సులు తెస్తారు. నమ్మకం ఉన్నచోటే మోసం తేలిక.

ఇక చివరి భాగం. రస్సెల్ టి. డేవిస్ రాశాడు. ఎప్పుడూ ఆఖరి నిమిషంలో వచ్చి లోకాన్ని కాపాడే డాక్టర్ ఈసారి రాడు. ఐదు రోజులూ ప్రభుత్వం చెప్పిన పనల్లా చేసిన ఫ్రోబిషర్ అనే అధికారిని ప్రధాని పిలిచి, జనం ముందు మేమూ మోసపోయినట్టు కనిపించాలి, కాబట్టి నీ ఇద్దరు కూతుళ్లనూ ఇవ్వు అంటాడు. ఫ్రోబిషర్ ఇంటికెళ్లి భార్యాబిడ్డల్ని కాల్చి తానూ కాల్చుకుంటాడు. పీటర్ కపాల్డి ఆ పాత్రలో దాదాపు మాట్లాడకుండానే నటించాడు. జాబితా రాసిన చేతులకు జాబితా తగలదన్న ధీమా అక్కడ కూలిపోతుంది.

అటు జాక్‌కు ఒక ఉపాయం దొరుకుతుంది. 456ను చంపగల ధ్వనిని పిల్లలందరి నోటా తిప్పికొట్టొచ్చు. అయితే మధ్యలో నిలబడే ఒక పిల్లవాడు బతకడు. ఆ సమయానికి అక్కడ అందుబాటులో ఉన్న పిల్లవాడు జాక్ మనవడు స్టీవెన్ ఒక్కడే. తల్లి ఆలిస్‌ను గది బయటే ఆపేస్తారు. ఆమె తలుపు బాదుతూ ఉంటుంది, లోపల బిడ్డ చనిపోతాడు, లోకం బతుకుతుంది.

ఇది అనవసరమైన క్రూరత్వం అని మాలో ఒకరి వాదన. మిగతా వాళ్లం ఒప్పుకోలేదు. 1965లో ఎవరి పిల్లలనో ఇచ్చిన మనిషికి ఈసారి సొంత మనవడు అడ్డం వచ్చాడు. కథ న్యాయంగానే అక్కడికి చేరింది. మా ఫిర్యాదు వేరే. చావు తర్వాత కెమెరా అంతా జాక్ వెంటే పోతుంది. ఆరు నెలలు తిరుగుతాడు, చివరికి భూమినే వదిలి వెళ్లిపోతాడు. ఆయన దుఃఖం నిజమే. కానీ ఆలిస్? తండ్రి ఎదురుపడితే ఒక్క మాట లేకుండా వెనుదిరిగి నడిచిపోతుంది. ఐదు గంటల కథలో ఆమెకు మిగిలింది ఆ నడక. స్టీవెన్‌నైతే ఎవరూ అడగనే లేదు.

బిడ్డను ఇచ్చి గెలిచే కథ మన జిల్లాకు కొత్తది కాదు. పెద్దింట్లమ్మ గుడి ఉన్న కొల్లేటికోటలో పూర్వం గజపతుల కోట ఉండేదని చెప్పుకుంటారు. చుట్టూ కొల్లేటి నీళ్లు ఉండగా కోట చిక్కదని, చిగురుకోట దగ్గర దిగిన శత్రువులు నీళ్లను సముద్రంలోకి లాగడానికి ఉప్పుటేరు తవ్వారట. అప్పుడు కోటలోని సేనాపతి గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడట. ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చింది. పేరంటాలు అంటే అలా చనిపోయి దేవతైన ఆడమనిషి. అది ఆ పిల్ల పేరు కాదు. కథలో గజపతులున్నారు, సేనాపతి ఉన్నాడు, ఊళ్ల పేర్లున్నాయి. టార్చ్‌వుడ్ కూడా అక్కడే ఆగిపోయింది. ఇచ్చినవాడి కథ చెప్పింది, ఇవ్వబడిన వాళ్ల కథ చెప్పలేదు.

మేము ఇది పట్టి పట్టి చెప్పడానికి కారణం ఉంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి తెచ్చి కలిపిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నాయి. అక్కడి కోయ గూడేల్లో ఏ ఇల్లు పోలవరం ముంపులోకి వస్తుందో చెప్పేది ఒక కాంటూరు అంకె. 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అన్నదాన్ని బట్టి ఒక ఊరు జాబితాలో చేరుతుంది, లేదా ఆగుతుంది. కొల్లేటిలోనూ ఐదో కాంటూరు పేరుతోనే 2006లో చెరువుల గట్లు పేల్చారు. కొల్లేరు బతకడానికి ఆ పని అవసరమే అన్నది మా మాట, పోలవరం సంగతి వేరే. రెండింటినీ ఒక గాటన కట్టం. గీత ఎక్కడ గీయాలో తేల్చే గదిలో గీతకు లోపల ఉండేవాళ్లు ఉండరన్నదే రెండు చోట్లా ఒకటి. డెల్టా పచ్చగా ఉండాలంటే కొందరు ఇవ్వక తప్పదని మైదానంలో మంచివాళ్లు కూడా అంటారు. ఆ మాట అన్నవాళ్లలో తన ఊరు పోయినవాళ్లు మాకింతవరకు తగల్లేదు.

చివరి భాగంలో మాకు బాగా నచ్చింది జాక్ ఘట్టం కాదు, కార్డిఫ్‌లోని పేదల కాలనీ ఘట్టం. రియానన్ అనే ఆమె ఇంట్లో వీధి పిల్లలందరూ పోగై ఉంటారు. గ్వెన్ వచ్చి సంగతి చెప్పగానే వాళ్లను వెనకదారిన పట్టుకుని పరిగెడతారు. రియానన్ మొగుడు, ఇరుగుపొరుగు మగవాళ్లు సైనికుల మీద చేతులతోనే తిరగబడతారు. అదంతా చూస్తూ నిలబడ్డ ఆండీ అనే పోలీసు కానిస్టేబుల్ యూనిఫాం విప్పి పారేసి ఆ గుంపులోకి దూకుతాడు. రెండు నిమిషాలుంటుందేమో. ర్యాంకుల పట్టికలో అడుగున ఉన్న ఆ వీధి ఒక్కటే ఐదు రోజుల్లో సరైన పని చేసింది. తర్వాత ఆ పిల్లలు ఏమయ్యారో, ఏమనుకున్నారో కథ పట్టించుకోదు. ఆ వీధి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయాల్సిన కథ ఇది, మన కుర్రాళ్లలో ఎవరైనా రాస్తే బాగుండు.

ఆశ్రమ పాఠశాలల్లో దీన్ని చూపిద్దామనుకునే టీచర్లకు ఒక మాట. చివరి భాగం చిన్నపిల్లలకు వద్దు, ఆ చావు వాళ్లు తట్టుకోలేరు. తొమ్మిది, పది తరగతుల వాళ్లకైతే నాలుగో భాగంలో మంత్రుల సమావేశం ఒక్కటి తెలుగులో చెబుతూ చూపించండి, పట్టిక ప్రస్తావన రాగానే ఆపండి. ఆ పట్టికలో మన బడి ఎక్కడుంటుందని పిల్లలే అడుగుతారు.