అంబరీషోపాఖ్యానము - నియమపాలనము

పోతనామాత్యుని ఆంధ్రమహాభాగవతమునందు నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానమును బోధించునపుడు మనము తఱచుగా సుదర్శనచక్ర వృత్తాంతమునకే ప్రాధాన్య మిచ్చుచున్నాము. భక్తునకు కీడు తలపెట్టిన మునిని చక్రము లోకములన్నిటను తఱుముట కథకు పరాకాష్ఠ యని చెప్పి ముగించుచున్నాము. ఈ పఠనము తప్పు గాదు గాని యసంపూర్ణము. కథకు మూలమైన ధర్మసంకటము చక్రము బయలువెడలుటకు ముందే కలదు. దైవాజ్ఞను నిష్ఠతో పాటించువానికి రెండు విధులు పరస్పరవిరుద్ధములై యెదురైనచో కర్తవ్య మెట్టిదను ప్రశ్నయే యది.

వ్రతకథకు పూర్వమే కవి రాజు నిత్యజీవితమును వర్ణించినాడు. మనస్సు, వాక్కు, చేతులు, చెవులు, కన్నులు, శిరస్సు మున్నగు వానిని ఒక్కొక్క హరిసేవకు నియోగించిన క్రమము అందు గానవచ్చును. పూజాగృహమున నొక నీతియు రాజ్యపాలనమున నొక నీతియు నతనికి లేవు. ఈ వర్ణనము రాబోవు పరీక్షకు పునాదిగా నిలుచుచున్నది.

అంబరీషుడు భార్యాసమేతుడై సంవత్సరకాలము ద్వాదశీవ్రత మాచరించి, కార్తికమాసమున మూడు రాత్రు లుపవసించి, మధువనమున హరి నర్చించి, పారణకు సిద్ధపడెను. అంతలో దుర్వాసు డతిథియై వచ్చి, భోజనమున కంగీకరించి, స్నానమునకై యమునకు బోయి యాలసించెను. ద్వాదశి అర్ధముహూర్తము మాత్రమే మిగిలినది. తిథి గడవకమున్నే పారణ చేయవలె ననునది వ్రతవిధి. అతిథికి పెట్టక తాను భుజింపరాదనునది గృహస్థధర్మము. ఒకటి నిలిచిన రెండవది చెడును. ఇచ్చట రాజు స్వబుద్ధితో నిర్ణయింపక విద్వాంసుల నడిగెను. జలపానము భుజించుటయు నగును, భుజింపకుండుటయు నగునని వారు చెప్పగా, హరిని తలచి నీరు మాత్రము త్రావెను.

ఇది శాస్త్రమున వెదకి పట్టిన వెసులుబాటు మాత్రమే కాదా యని విద్యార్థు లడుగవచ్చును. దుర్వాసుని కోపమునందును ఈ యాక్షేపమే కలదు. దీనికి సమాధానము కథాంతమున దొరకును. సంస్కృతమూలము ననుసరించి, చక్రమునకు వెఱచి పోయిన ముని తిరిగివచ్చుటకు ఒక సంవత్సరము పట్టినది. అంతకాలమును రాజు నీరే యాహారముగా నతనికై వేచియుండెను. వచ్చిన పిదప మునికి భోజనము పెట్టి, తరువాతనే తాను భుజించెను. మొదట వెసులుబాటుగా దోచిన యా నీరే తుదకు కఠినదీక్ష యైనది. అతిథిధర్మమును దాటుటకై త్రావిన నీరు కాదని ఆ యేడాది నిరూపించినది. ఈ యంశమును విడిచి చక్రమును మాత్రమే చెప్పినచో రాజు కేవలము రక్షింపబడినవా డగును గాని ధర్మము నెఱపినవాడు గాడు.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని మాలదాసరి కథ యిచ్చట పోల్చదగినది. బ్రహ్మరాక్షసుని చేత చిక్కిన దాసరికి కురుంగుడి స్వామికి జేయు గానసేవ తప్పరాదు. తిరిగివత్తునని రాక్షసున కిచ్చిన మాటయు తప్పరాదు. సేవ ముగించి మృత్యుముఖమునకు మరలివచ్చి యతడు రెంటిని నిలుపుకొన్నాడు. ఒకడు చక్రవర్తి, మఱియొకడు ఆలయమునకు వెలుపల నిలిచి పాడవలసిన కులమున బుట్టినవాడు. ఐనను ఇరువురును సులభమైన విధిని గైకొని కష్టమైన దానిని విడువలేదు.

ఫలవిషయమునను సామ్యము కలదు. అంబరీషుడు తన దానమును, చక్కగా నాచరించిన స్వధర్మమును పణముగా నొడ్డి, తన్ను చంపజూచిన మునికే తాపశాంతిని వేడెను. దాసరి గానఫలమును యాచించినవాడు అతనిని తినదలచిన రాక్షసుడే. తుదకు వానికి విముక్తి గలిగినది. నియమనిష్ఠ ఇతరులను తూచు తక్కెడగా మాఱినచో దుర్వాసుని కోప మగును. తన్ను తాను కట్టుకొను కట్టుగా నున్నచో అంబరీషుని యోర్పగును. ఈ భేదమును గుర్తించి చదివినప్పుడే యుపాఖ్యానమున చక్రమునకు గల స్థానము సరిగా దెలియును.